గోల్ఫు క్రీడలో స్త్రీలు: వినోదమునుండి వృత్తికి

1878 వ సంవత్సరమున ఇద్దరు బాలికలు జన్మించిరి. ఒకతె పారిసు నగరమున పుట్టి, తన జీవితములో అధికభాగమును పుదుచ్చేరిలో గడపెను. మరియొకతె కలకత్తాలో ఒక అమెరికను వర్తకుని యింట పుట్టి, పారిసుకు సమీపమున ఒక ఆటలో గెలిచి, ఆ గెలుపు ఎంతటిదో తాను ఎరుగకయే 1955 లో కన్నుమూసెను. మొదటి ఆమె మిర్రా అల్ఫాస్సా. శ్రీ అరవిందాశ్రమవాసులకు ఆమె 'శ్రీమాత'. రెండవ ఆమె మార్గరెట్ ఆబట్. స్త్రీల గోల్ఫు క్రీడలో ఆమె తొలి ఒలింపిక్ విజేత.

పుదుచ్చేరి సముద్రతీరమునందలి ఆశ్రమపు టెన్నిసు మైదానములో శ్రీమాత డెబ్బది యేండ్లు నిండిన పిమ్మట కూడ ప్రతిదినమును బంతి ఆడుచుండెను. ఆశ్రమములో 1945 ప్రాంతమున వ్యాయామశిక్షణ ప్రారంభమయ్యెను. కొలదికాలమునకే అచ్చటి బాలికలు పొట్టి లాగులు తొడిగి, తలకు తెల్లని గుడ్డటోపులు కట్టుకొని, బాలురతోపాటు పరుగుపందెములలోను కసరత్తులలోను పాల్గొనిరి. ఆనాటి దక్షిణదేశములో అది సామాన్యమైన విషయము కాదు. 1949 ఫిబ్రవరి 21 న వ్యాయామవిద్యకై ఒక పత్రిక వెలువడగా, అందు శ్రీ అరవిందులే వ్యాసములు వ్రాసిరి. అచ్చట ఆట దేహసాధనకొక మార్గము. ధనముతో దానికి పొత్తు లేదు.

సరిగా ఆ కాలముననే, 1950 లో, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమందలి విచిటా పట్టణమున పదుమూడుగురు స్త్రీలు మరియొక పనికి పూనుకొనిరి. తమ ఆటకు వెల కట్టవలెననియు, ఆ వెలతో తాము బ్రతుకవలెననియు వారు నిశ్చయించుకొనిరి. ఆటను జీవికగా చేసికొనుట గౌరవహానియా, లేక స్వాతంత్ర్యమునకు మార్గమా? స్త్రీల గోల్ఫు చరిత్ర యంతయు ఈ ప్రశ్నకు సమాధానము వెదకుకొన్న చరిత్రయే.

గోల్ఫు తెలుగు పల్లెలకు పరిచితమైన ఆట కాదు. అయినను కర్రతో బిళ్ళను ఎగురగొట్టు బిళ్ళంగోడును ఎరిగినవారికి దాని మూలసూత్రము సులభముగనే బోధపడును. చిన్న గట్టి బంతిని కర్రలతో కొట్టుచు, విశాలమైన పచ్చికబయళ్ళలో దూరదూరముగా నున్న పదునెనిమిది గుంటలలో వరుసగా పడవేయవలెను. ఎవరు తక్కువ దెబ్బలతో ముగింతురో వారిదే జయము. నేర్పరియైన వానికి ఒక్కొక్క గుంటకు ఇన్ని దెబ్బలు చాలునను నిర్ణయము కలదు. దానిని 'పార్' అందురు. ఇందు ఒకరి బంతిని మరియొకరు అడ్డగింపరు, ఒకరినొకరు తాకరు. దేహబలము ఎంత అవసరమో, నిదానమును చూపును అంత అవసరము. కావున స్త్రీలకు ఈ ఆట దుర్లభమగుటకు శరీరము కారణము కాదు, నేల కారణము. ఒక్క మైదానమునకు నూరు ఎకరములకు మించిన భూమి కావలయును. నేల ఎవరిదో ఆటయు వారిదే.

ఈ ఆటకు పుట్టినిల్లు స్కాట్లండు. 1457 లో అచ్చటి రాజు, ప్రజలు విలువిద్యను విడచి దీనిలో మునిగిపోవుచున్నారని శాసనముచే నిషేధించెను. ఒక శతాబ్ది గడచిన పిమ్మట స్కాట్లండు రాణి మేరీ, 1567 లో భర్త హత్యకు గురియైన కొలది దినములకే గోల్ఫు ఆడినదని శత్రువులు నిందమోపిరి. ఆడుదాని ఆట ఆమెపై మోపిన అభియోగములలో నొకటి యగుట గమనింపదగినది. 1867 లో సెంట్ ఆండ్రూస్ పట్టణమున స్త్రీల గోల్ఫు సంఘము ఏర్పడెను. కాని వారికి లభించినది చిన్న పచ్చికతునక మాత్రమే. బంతిని మెల్లగా గుంటలోనికి దొర్లించుటతో వారు తృప్తిపడవలసి యుండెను. కర్రను భుజముమీదికెత్తి కొట్టుట స్త్రీలకు శోభింపదని పెద్దమనుష్యులు తలచిరి. 1893 లో ఇంగ్లండున స్త్రీల గోల్ఫు సమాఖ్య పుట్టి, ఆ సంవత్సరమే జాతీయస్పర్ధను నడపెను. లేడీ మార్గరెట్ స్కాట్ అను యువతి వరుసగా మూడేండ్లు దానిని గెలిచి, భుజముమీదికి కర్ర నెత్తుట స్త్రీలకు ఎంత శోభించునో చూపెను.

భారతదేశమునకు ఈ ఆట ఆంగ్లేయులతో వచ్చెను. 1829 లో స్థాపితమైన కలకత్తా గోల్ఫు క్లబ్బు బ్రిటిషు దీవులకు వెలుపల వెలసినవానిలో ప్రాచీనతమము. ఆ కలకత్తాలోనే మార్గరెట్ ఆబట్ జన్మించుట యాదృచ్ఛికము. తండ్రి మరణించుటతో ఆమె పసితనముననే అమెరికా చేరి, చికాగోలో ఆట నేర్చెను. చిత్రకళాభ్యాసమునకై తల్లితో పారిసుకు వచ్చియుండగా, 1900 లో అచ్చట జరుగుచున్న ప్రపంచ ప్రదర్శనమునకు అనుబంధముగా ఒక గోల్ఫుపోటీ కలదని తెలిసికొని అందు పాల్గొనెను. కాంపియేన్‌లో తొమ్మిది గుంటల ఆట, పదిమంది స్త్రీలు. ఆబట్ 47 దెబ్బలతో గెలిచెను. నవలారచయిత్రియైన ఆమె తల్లి మేరీ కూడ అదే పోటీలో ఆడెను. ఫ్రెంచి వనితలు ఎత్తుమడమల చెప్పులతోను బిగుతు దుస్తులతోను వచ్చిరనియు, తన గెలుపునకు అదియే కారణమనియు ఆబట్ తన వారితో హాస్యముగా చెప్పినదందురు. బహుమతి ఒక పింగాణీ పాత్ర. అది ఒలింపిక్ క్రీడలలోని భాగమని ఆమెకు ఎవరును చెప్పలేదు. అమెరికను స్త్రీలలో మొట్టమొదటి ఒలింపిక్ విజేతయై యుండియు ఆమె ఆ సంగతి తెలియకయే మరణించెను. ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు పౌలా వెల్చ్ పాత పత్రికలను శోధించి, ఆమె సంతతికి ఈ వార్త నందించెను.

ఆబట్ వంటివారు 'ఔత్సాహికులు'. ఆటకు ధనము పుచ్చుకొనక, ఆటకొరకే ఆడువారని ఆ మాటకు అర్థము. వినుటకు ఇది ఉదాత్తమైన ఆదర్శము. కాని లోతుగా పరికించినచో, కూటికి లోటులేని వారికే అది సాధ్యమని తెలియును. తెలుగుదేశమున ఇట్టిదే మరియొక రంగము కలదు. సంగీతనృత్యములను తరతరములుగా కాపాడిన కళావంతుల స్త్రీలు ఆ విద్యచే జీవించినందున నింద కెరయైరి. విద్యను మెచ్చినవారే విద్యావతిని చిన్నచూపు చూచిరి. గౌరవకుటుంబముల స్త్రీలు రంగస్థల మెక్కరాదను నియమముండుటచే స్థానం నరసింహారావు వంటి పురుషులే స్త్రీపాత్రలను ధరించిరి. స్త్రీ తన నేర్పును ప్రదర్శించి ధనమార్జించుట ఏ దేశమునందైనను సంఘమునకు కంటకముగనే తోచెను. గోల్ఫు ఇందుకు మినహాయింపు కాదు.

1934 లో హెలెన్ హిక్స్ అను అమెరికను క్రీడాకారిణి ఆటసామగ్రి చేయు ఒక సంస్థలో చేరి, వృత్తిలో ప్రవేశించెను. 1940 లో పాటీ బర్గ్ ఆమె ననుసరించెను. ఆడుటకు పోటీలు దాదాపు లేవు. ఊరూర తిరిగి ఆటను ప్రదర్శించుట, సంస్థవారి కర్రలకు ప్రచారము చేయుట వారి పని. 1944 లో ఏర్పడిన తొలి స్త్రీల వృత్తిసంఘము 1946 లో వాషింగ్టన్ రాష్ట్రమందలి స్పొకేన్‌లో మొదటి అమెరికా మహిళా ఓపెన్ స్పర్ధను నడపెను. అందు పాటీ బర్గ్ గెలిచెను. కాని ఆ సంఘము నిలువలేదు. 1950 లో విచిటాలో చేరిన పదుమూడుగురును దాని చితిమీదనే నూతన సంఘమును నిర్మించిరి. అదియే నేటికిని నిలిచియున్న మహిళా వృత్తి గోల్ఫు సంఘము, సంక్షేపనామము ఎల్.పి.జి.ఏ. పాటీ బర్గ్ దాని ప్రథమాధ్యక్షురాలు. వారిలో మార్లీన్ బవర్ వయస్సు పదునారేండ్లు మాత్రమే.

ఈ స్త్రీల తొలిదినముల కథ విజయములకంటెను స్మరణీయము. ఆ సంవత్సరమున నడచిన పోటీలు 14. వాని పారితోషికములన్నియు కలిపి 50,000 డాలర్లు. ఆడువారే మైదానమున గుంటల స్థానములను గుర్తించిరి, నియమములు వ్రాసిరి, తగవులు తీర్చిరి, లెక్కలు చూచిరి, బహుమతుల చెక్కులు వ్రాసి పంచిరి. పోటీ ముగిసినంతనే సామానులు కార్లలో సర్దుకొని, ఒకరివెంట ఒకరుగా వందలమైళ్ళు పయనించి మరునాటి ఊరు చేరిరి. ఏ ఊరికి పోయినను పత్రికలవారిని తామే కలిసికొని, ప్రజలను ఆటకు రమ్మని పిలిచిరి. ఆ పదుమూడుగురిలో చివరగా మిగిలిన మార్లీన్ బవర్ 2023 లో గతించెను. నాటినుండి వారి కథ పూర్తిగా చరిత్రయైనది.

వారిలో ప్రజలకు మిక్కిలి పరిచితురాలు బేబ్ జహారియాస్. నార్వే దేశమునుండి వలసవచ్చిన ఒక వడ్రంగి కుమార్తె. 1932 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్ క్రీడలలో ఈటె విసరుటయందును, 80 మీటర్ల అవరోధపు పరుగునందును స్వర్ణములు గెలిచి, ఎత్తు దుముకుటలో రజతము పొందెను. పిదప గోల్ఫునకు దిగి, 1935 లో టెక్సస్ రాష్ట్ర స్త్రీల స్పర్ధలో గెలువగా, ఇతర క్రీడలలో ధనము పుచ్చుకొన్నదను కారణముచే ఆమెను ఔత్సాహికుల వరుసనుండి వెలివేసిరి. ధనికుల బిడ్డలకు అవసరమే లేని ధనమును పేదబిడ్డ గ్రహించుట దోషమయ్యెను. ఆమె ఆ వరుసలో తిరిగి చేరుటకు 1943 వరకు వేచియుండవలసి వచ్చెను. 1947 లో బ్రిటిషు స్పర్ధను గెలిచిన తొలి అమెరికను స్త్రీయై, వెంటనే వృత్తిలో ప్రవేశించెను. 1953 లో ఆమెకు పెద్దప్రేగు పుండు శస్త్రచికిత్స జరిగెను, అది కాన్సరు. మరుసటి సంవత్సరము అమెరికా మహిళా ఓపెన్ స్పర్ధలో ఆమె రెండవ స్థానమువారికంటె పండ్రెండు దెబ్బలు తక్కువగా ఆడి గెలిచెను. 1956 లో, నలువదియైదవ ఏట, మరణించెను.

ఆమె అనంతరము వచ్చిన మికీ రైట్ ఆట సౌష్ఠవమునకు పెట్టినది పేరు. 1963 లో ఆమె ఒక్క సంవత్సరములోనే 13 పోటీలు గెలిచెను. ఆ సంఖ్యను మరియెవ్వరును దాటలేదు. మొత్తము విజయములు 82, ప్రధానస్పర్ధలు 13. ఆమె ఆడనిచో పోటీకి ధనమీయమని నిర్వాహకులు బెదరించుచుండుటచే, సంఘమును నిలుపుటకై ఆమె అలసటను లెక్కింపక ఆడెను. ముప్పదినాలుగవ యేటనే నిరంతరపు పోటీలనుండి విరమించెను. ఆమె సమకాలికురాలు క్యాతీ విట్‌వర్త్ 1962 నుండి 1985 వరకు 88 పోటీలు గెలిచెను. అమెరికా వృత్తిస్పర్ధలలో పురుషులలో అత్యధిక విజయములు సామ్ స్నీడ్‌వి, టైగర్ వుడ్స్‌వి, అవి 82. స్త్రీపురుష భేదము లేకుండ చూచినను విట్‌వర్త్ సంఖ్యయే అధికము. అయినను 2022 లో ఆమె మరణించునప్పటికి ఆమె పేరు ఎరిగినవారికంటె వారి పేర్లు ఎరిగినవారే లోకమున మెండు.

ధనము తలుపులు తెరచును; కాని అన్ని తలుపులును ఒక్కసారి తెరువదు. ఆల్తియా గిబ్సన్ 1957, 1958 సంవత్సరములలో వింబుల్డన్ టెన్నిసు కిరీటమును గెలిచిన నల్లజాతి వనిత. ఆనాటి టెన్నిసు ఔత్సాహికుల ఆట; కిరీటము కడుపు నింపదు. 1964 లో ఆమె గోల్ఫు సంఘమున చేరిన తొలి నల్లజాతి స్త్రీ అయ్యెను. కొన్ని క్లబ్బులు ఆమెను మైదానమున ఆడనిచ్చియు భవనములోనికి రానీయకపోగా, ఆమె తన కారులోనే బూట్లు మార్చుకొనెను. ఆమెకు ఒక్క విజయమును దక్కలేదు. గెలువనివారిచే కూడ చరిత్ర ముందుకు నడచునని చెప్పుటకు ఆమె నిదర్శనము.

1978 లో న్యూ మెక్సికోనుండి వచ్చిన నాన్సీ లోపెజ్ తన తొలి పూర్తి సంవత్సరముననే తొమ్మిది పోటీలు, అందు వరుసగా అయిదు, గెలిచెను. తండ్రి మెక్సికో సంతతివాడు. కార్లు బాగుచేయు చిన్న దుకాణము నడపుకొనువాడు. కుమార్తె చేతులు ఆటకు పదిలముగా నుండవలెనని ఆమెను పాత్రలు తోమనీయలేదట. ఆడపిల్ల చేతులను అంట్లనుండి విడిపించుట చిన్నవిషయముగా తోచవచ్చును. కాని ఎన్ని యిండ్లలో అట్టి తండ్రి యున్నాడు?

తరువాత ఆట అమెరికా హద్దులను దాటెను. 1998 లో దక్షిణ కొరియా ఆర్థికసంకటమున మునిగియుండగా, ఇరువదియేండ్ల పాక్ సే-రి అమెరికా మహిళా ఓపెన్ స్పర్ధలో, బంతి మడుగుగట్టున చిక్కుకొనగా, బూట్లు మేజోళ్ళు విప్పి నీటిలో నిలిచి దానిని కొట్టెను. ఇరువది అదనపు గుంటలు ఆడి గెలిచెను. ఆ దృశ్యమును చూచి కర్రపట్టిన పదియేండ్ల పిల్లలలో ఇన్బీ పార్క్ ఒకతె. ఆమె ఏడు ప్రధానస్పర్ధలను, 2016 రియో ఒలింపిక్ స్వర్ణమును గెలిచెను. స్వీడను దేశీయురాలు అనికా సోరెన్‌స్టామ్ 72 విజయములు పొంది, 2001 లో ఒక్కదినపు ఆటను 59 దెబ్బలతో ముగించెను. 2003 లో ఆమె పురుషుల వృత్తిపోటీలో పాల్గొనెను. బేబ్ జహారియాస్ తరువాత 58 ఏండ్లకు అట్లు చేసిన తొలి స్త్రీ ఆమెయే. తుదివరకు నిలువలేకపోయినను, ఆ ధైర్యమును ఎవరును అల్పముగా చూడలేదు. 2007 లో సెంట్ ఆండ్రూస్ పాతమైదానమున తొలిసారి స్త్రీల వృత్తిస్పర్ధ జరుగగా మెక్సికో వనిత లొరెనా ఒచోవా గెలిచెను. ఆ మైదానపు ప్రసిద్ధ క్లబ్బు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు 2014 వరకు పట్టెను. ఒకనాడు ఒక పచ్చికతునకతో తృప్తిపడుమన్న చోటనే 2024 లో న్యూజీలండు వనిత లిడియా కో విజేతయై నిలిచెను. అంతకు కొలదిదినముల ముందే ఆమె పారిసులో ఒలింపిక్ స్వర్ణము గెలిచియుండెను.

1950 లో సంవత్సరమంతటి పోటీలకును కలిపి 50,000 డాలర్లు. 2024 లో సంఘపు చివరిపోటీ విజేత యొక్కతెకే 40 లక్షల డాలర్లు. ఈ పెరుగుదల అబ్బురమే. కాని అదే 2024 లో అమెరికా ఓపెన్ పురుషులస్పర్ధ పారితోషికము 2 కోట్ల 15 లక్షల డాలర్లు కాగా, స్త్రీల స్పర్ధది 1 కోటి 20 లక్షలు. విచిటాలో మొదలైన లెక్క ఇంకను సరిపోలేదు.

భారతదేశమున ఈ ఆట చిరకాలము క్లబ్బుల గోడలలోనే నిలిచెను. కలకత్తాకు చెందిన సిమీ మెహ్రా 1990 దశకమున అమెరికా మహిళా వృత్తిసంఘపు పోటీలలో ఆడిన తొలి భారతీయురాలయ్యెను. 2007 లో భారత మహిళా ఓపెన్ స్పర్ధ ఆరంభమయ్యెను. 2016 లో బెంగుళూరు యువతి అదితీ అశోక్ దానిని గెలిచిన తొలి భారతీయురాలయ్యెను. రియోలో ఆమె కర్రలసంచిని తండ్రి మోసెను. టోకియోలో తల్లి మోసెను. 2021 లో జరిగిన ఆ టోకియో ఒలింపిక్ పోటీలో ప్రపంచపు వరుసలో రెండువందలవ స్థానమున నున్న అదితి మూడుదినములు రెండవస్థానమును నిలుపుకొని, తుదిదినమున ఒక్క దెబ్బ తేడాతో కాంస్యమును కోల్పోయి నాల్గవదయ్యెను. గోల్ఫు నెరుగని కోట్లజనము ఆ తెల్లవారుజామున మేలుకొని చూచిరి. హర్యానాకు చెందిన దీక్షా డాగర్ పుట్టుకతో వినికిడి లోపము కలది; ఎడమచేతివాటము. 2019 లో దక్షిణాఫ్రికా మహిళా ఓపెన్ స్పర్ధను గెలిచి, బధిరుల ఒలింపిక్ క్రీడలలోను, సామాన్య ఒలింపిక్ క్రీడలలోను ఆడెను.

తెలుగునాట ఈ ఆటకు హైదరాబాదు ముఖ్యస్థానము. గోలకొండ కోటకు చేరువనున్న నయాఖిల్లా ప్రాంతమున ఒక మైదానము కలదు. హైదరాబాదుకు చెందిన స్నేహా సింగ్ ఔత్సాహికగా నుండగనే దేశీయ మహిళా వృత్తిపోటీలో గెలిచి, పిదప వృత్తిలో ప్రవేశించెను. టెన్నిసులో సానియా మీర్జాను, బాడ్మింటనులో పి.వి. సింధును లోకమునకిచ్చిన నగరమిది. ఆడపిల్ల ఆటచే జీవించవచ్చునను సంగతి ఇచ్చటి తల్లిదండ్రులకు వారివలన స్పష్టమయ్యెను. కాని గోల్ఫునకు కావలసిన నేలయు, కర్రలయు, శిక్షణయు ఖరీదైనవి. కారులు బాగుచేయువాని కూతురు న్యూ మెక్సికోలో ఆట నేర్వగలిగినట్లు, గోలకొండ ప్రక్కవాడలలోని మెకానిక్కు కూతురు నేర్వగలిగిననాడే ఆ ఆట ఇచ్చట నిజముగా వేరూనినదనవచ్చును.

పుదుచ్చేరి మైదానమున ధనము గోరక ఆడినవారును, విచిటాలో ధనమునకై సంఘము కట్టినవారును పరస్పరవిరుద్ధులుగా తోతురు. కాని రెండుచోట్లను అడ్డుతగిలినది ఒక్కటే: స్త్రీదేహము కదలుటకు వలసిన చోటును, దానికి ఇతరులు విధించిన మర్యాదయు. ఒకచోట ఆశ్రమము అన్నవస్త్రములను సమకూర్చినందున ఆట నిష్కామమయ్యెను. మరియొకచోట అట్టి ఆశ్రయము లేనివారికి వేతనమే ఆశ్రయమయ్యెను. కూడు నిశ్చితమైన పిమ్మట నిష్కామము గొప్ప గుణము. కూడు లేనివానికి దానిని బోధించుట ధర్మము కాదు.

మార్గరెట్ ఆబట్ తాను గెలిచిన పింగాణీపాత్రను తీసికొని ఇంటికి పోయెను. ఆమె విజయమును లెక్కవ్రాసి ఉంచుటకు ఎవరును లేకపోయిరి. విచిటాలో చేరిన పదుమూడుగురు తమ లెక్కలను తామే వ్రాసికొనిరి. అందువలననే వారి పేర్లు నేడును చెరగక నిలిచియున్నవి.